మందుకూ ఒక ఆయుర్దాయం

ప్రకృతి ఇచ్చిన ప్రొటీను అణువును మార్చి, మందుగా దేహంలో ఎక్కువకాలం నిలిచేట్టు చేయడాన్ని "సృష్టికి ప్రతిసృష్టి" అని ఈసడించేవారున్నారు. (పాఠ్యపుస్తకాలు ప్రొటీనును మాంసకృత్తు అన్నాయి గానీ, కందిపప్పులో ఉన్నదాన్ని మాంసంతో ముడిపెట్టడం నాకు రుచించదు.) ఆ ఈసడింపుతో నేను ఏకీభవించలేను. అలాగని, ఎంతకాలం నిలిస్తే అంత మేలు అనే ఉత్సాహమూ నాకు లేదు. ఇన్సులిన్ చరిత్రే ఇందుకు చాలిన సాక్ష్యం.

మన క్లోమం నుంచి వెలువడిన ఇన్సులిన్ రక్తంలో అయిదారు నిమిషాలకే సగమైపోతుంది. క్లోమం రేయింబవళ్ళు కొద్దికొద్దిగా స్రవిస్తూనే ఉంటుంది గనుక, ఆ అల్పాయుష్షు అక్కడ సుగుణమే. ఆ ఏర్పాటు చెడి, సూదితో ఇవ్వవలసివచ్చినపుడు అదే శాపమవుతుంది. 1922లో తొలి రోగులకిచ్చిన ఇన్సులిన్ కొన్ని గంటలకే చెల్లిపోయేది. రోజుకు పలుమార్లు సూది తప్పేది కాదు. 1936లో హాగెడార్న్ అనే డెన్మార్క్ వైద్యుడు చేప వీర్యం నుంచి తీసిన ప్రోటమిన్‌ను దానికి జతచేసి, చర్మం కింద మెల్లగా కరిగేట్టు చేశాడు. అణువును ముట్టుకోలేదు, తోడు మాత్రం ఇచ్చాడు.

అణువునే మార్చడం తరువాతి కథ. 2000లో అనుమతి పొందిన గ్లార్జిన్‌లో ఒక అమైనో ఆమ్లాన్ని మార్చి, ఒక గొలుసు చివర మరి రెండింటిని తగిలించారు. ఆమ్లద్రవంలో కరిగి ఉండే ఈ మందు, చర్మం కింద తటస్థ వాతావరణం తగలగానే సన్నని అవక్షేపంగా పేరుకుని, దాదాపు రోజంతా కొంచెం కొంచెంగా కరుగుతుంది. (అందుకే దీన్ని మరో ఇన్సులిన్‌తో ఒకే సిరంజిలో కలపరాదు.) డెటెమిర్‌ది వేరే ఉపాయం: అణువుకు ఒక కొవ్వు ఆమ్లపు తోక. ఆ తోకతో అది రక్తంలోని ఆల్బుమిన్‌ను పట్టుకుంటుంది. ఆల్బుమిన్ అర్ధాయుష్షు సుమారు 19 రోజులు. దీర్ఘాయుష్మంతుడి చెంగు పట్టుకోవడమన్నమాట! ఈ ఉపాయాన్నే మరింత సానబెట్టి చేసిన ఐకోడెక్ అర్ధాయుష్షు సుమారు 8 రోజులు. వారానికి ఒక్క సూది చాలు.

ఏడాదికి 365 సూదులు 52 కావడం చిన్న విషయం కాదు. రోజూ పొట్ట మీద చోటు వెతుక్కునేవారికి, చూపు మందగించి ఇంకొకరి చేతిమీద ఆధారపడేవారికి అది వరమే. నా జంకు కూడా సరిగ్గా అక్కడే మొదలవుతుంది. రోజువారీ మోతాదు ఎక్కువైతే ఆ ప్రభావం ఒకటి రెండు రోజుల్లో సద్దుమణుగుతుంది. వారపు సూది ఒకసారి లోపలికి వెళ్ళాక వెనక్కి పిలిచే దారి లేదు. జ్వరం వచ్చి అన్నం సయించని నాడూ, ఏకాదశి ఉపవాసం నాడూ అది తన పని తాను చేసుకుపోతుంది. ఇది ఊహామాత్రం కాదు. మొదటి రకం మధుమేహం ఉన్నవారిపై జరిగిన పరీక్షలో, రోజువారీ డెగ్లుడెక్ కంటే ఐకోడెక్ వాడినవారిలోనే రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవడం ఎక్కువగా కనిపించింది. 2024లో ఐరోపా సమాజం దీనికి అనుమతి ఇచ్చింది. అదే ఏడాది అమెరికా నియంత్రణ సంస్థ, తయారీ విధానం గురించీ మొదటి రకంలో వాడకం గురించీ మరిన్ని వివరాలడుగుతూ అప్పటికి నిరాకరించింది. ఆ సంకోచం నాకు సమంజసంగానే తోచింది. రెండవ రకం మధుమేహంలో త్రాసు చాలామందికి లాభంవైపే మొగ్గుతుందని ఒప్పుకుంటాను.

అయినా చీటీ రాసే ముందు వైద్యుడు చక్కెర అంకె ఒక్కటే చూస్తే చాలదు. ఇంట్లో భోజనం వేళకు జరుగుతుందా, వారంలో ఉపవాసాలెన్ని, రాత్రి పక్కన ఎవరైనా పడుకుంటారా అన్నవి కూడా అడగాలి.