ముందు గ్లాసు సంగతి తేల్చండి, తర్వాత వ్యక్తిత్వ వికాసం!



ఇప్పుడు ఎక్కడ చూసినా వ్యక్తిత్వ వికాసమే. ఆఫీసుల్లో అదే, కాలేజీల్లో అదే, మా పంతుళ్ళ శిక్షణ తరగతుల్లోనూ అదే. టై కట్టుకున్న ఒకాయన వచ్చి మైకు పట్టుకుంటాడు. పొద్దున్నే అద్దంలో చూసి నవ్వుకోమంటాడు. కోపం తగ్గించుకోమంటాడు. మీ ఆలోచన మారితే మీ బతుకు మారుద్దంటాడు. చేసే పనిలో మానవత్వం చూపించమంటాడు. అందరూ చప్పట్లు కొడతారు.

మా బడిలోనూ ఇలాంటి క్లాసు జరిగింది. మధ్యలో టీ వచ్చింది. మాకందరికీ స్టీలు గ్లాసుల్లో ఇచ్చారు. మరుగుదొడ్లు కడిగే ఆయమ్మకి మాత్రం కాగితం కప్పులో, అదీ గుమ్మం బయట. ఆమె నిలబడే తాగి, కప్పు నలిపి, తనే తీసుకుపోయి పారేసింది. మానవత్వం గురించి చెప్పినాయన చూశాడు. హెడ్మాస్టరు చూశాడు. నేనూ చూశాను. ఒక్కరం నోరెత్తలేదు.

సిగ్గుపడుతూనే రాస్తున్నాను. మా అమ్మ ఆసాముల చేలో దోసిలి పడితే పైనుంచి నీళ్ళు పోసేవాళ్ళు. ఆ దోసిలి చూసి పెరిగినోణ్ణి. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటోణ్ణి. అయినా ఆ రోజు నా చేతిలో స్టీలు గ్లాసు ఉంది గదా అని ఊరుకున్నాను! సాయంత్రం ఆమె దగ్గరకెళ్ళి "నీ పేరేందక్కా?" అనడిగాను. "పేరుతో ఏం పని సారూ, ఆయా అనేగా పిలుస్తారు" అంది. రెండేళ్ళుగా ఇద్దరం ఒకే బడిలో పనిచేస్తున్నాం. చివరికి పేరు చెప్పింది. ఇక్కడ రాయను. రాస్తే పోయేది ఆమె పని, నాది కాదు.

ఇప్పుడు అడుగుతున్నాను. మారాల్సింది ఎవరి ఆలోచన? కాగితం కప్పులో తాగినామెదా, పోసినోళ్ళదా? కోపం తగ్గించుకోమని ఎవరికి చెబుతున్నారు? మన కోపం జబ్బు కాదు. 1927 మార్చి 20న మహద్‌లో అంబేద్కర్ చవదార్ చెరువు నీళ్ళు తాగింది దాహమేసి కాదు, మేమూ మనుషులమేనని చెప్పడానికి. కారంచేడులో మంచినీళ్ళ చెరువు మురికి చెయ్యొద్దన్నందుకు గొడవ మొదలైంది. కొట్టబోతే మున్నంగి సువార్త బిందె ఎత్తింది. 1985 జులై 17న ఆరుగురు మాదిగల్ని చంపారు. చుండూరులో సినిమాహాల్లో చదువుకున్న మన పిల్లోడి కాలు తగలడం దగ్గర రేగిన పగ, 1991 ఆగస్టు 6న ఎనిమిది మందిని మింగింది. ఆ చంపినోళ్ళకి ఏం తక్కువైంది? అద్దంలో చూసి నవ్వుకోవడం రాకనా?

రాజ్యాంగంలో 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసి డెబ్భై ఏళ్ళు దాటింది. చేతులతో మలం ఎత్తించకూడదని 1993లో ఒక చట్టం, 2013లో మరో చట్టం వచ్చాయి. అయినా మురుగుగుంటల్లో మనవాళ్ళు ఊపిరాడక చస్తూనే ఉన్నారు. 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు ఆ చావులకిచ్చే పరిహారాన్ని 10 లక్షల నుంచి 30 లక్షలకి పెంచాల్సి వచ్చింది. గుంటలోకి దిగేవాడికి కావాల్సింది ధైర్యవచనాలా? వాడు దిగే పనే లేకుండా చేసే యంత్రమా? మధ్యాహ్న భోజనం వండే పనిలో దళితులకి ముందు చోటివ్వాలని సుప్రీంకోర్టు 2004 ఏప్రిల్‌లోనే చెప్పింది. మీ ఊరి బడిలో వండేదెవరో వెళ్ళి చూడండి. పనిలో మానవత్వమంటే ఇవీ లెక్కలు. చిరునవ్వు లెక్కలోకి రాదు.

ఇక మన సంగతికొద్దాం. వేలు వాళ్ళ వైపే చూపిస్తే సరిపోదు. మన మీటింగుల్లో సమానత్వం గురించి గంట మాట్లాడి, తిన్న పళ్ళేలు ఆడవాళ్ళకి వదిలేసి లేచిపోవడం లేదా? మాలలు మాదిగల్ని, మాలామాదిగలు రెల్లి వాళ్ళని ఎలా చూస్తున్నారు? రెల్లి వాళ్ళింట కూర్చుని అన్నం తిన్నవాళ్ళు మనలో ఎందరు? 1956లో ఆగ్రా సభలో అంబేద్కర్ చదువుకున్న మనవాళ్ళ మీదే బాధపడ్డారు. ఆ మాట నాకూ తగులుతుంది. ఉద్యోగం రాగానే ఎదిగామనుకుంటున్నాం. పైకెక్కి నిచ్చెన లాగేసుకోవడం ఎదుగుదల కాదయ్యా, అది మనువు మనకి నేర్పిన పాఠం!

మర్నాడు నేను ఒక స్టీలు గ్లాసు కొనుక్కెళ్ళి మిగతా గ్లాసుల్లో కలిపేశాను. స్టాఫు రూములో కుర్చీ వేసి ఆయమ్మని కూర్చోమన్నాను. మొదటిరోజు కూర్చోలేదు, గోడకానుకుని నిలబడింది. నాలుగోరోజు కూర్చుంది. ఆ రోజునుంచి ఇద్దరు పంతుళ్ళు ఇంటినుంచి ఫ్లాస్కులు తెచ్చుకుంటున్నారు. తెచ్చుకోనివ్వండి. దాచుకున్న రోగం బయటపడింది.

కార్యకర్తలకి ఒక పని చెబుతున్నాను. ఈ పదిహేను రోజుల్లో మీ ఊళ్ళో బడి, పంచాయతీ ఆఫీసు, ఆసుపత్రి తిరగండి. ఊడ్చేవాళ్ళనీ కడిగేవాళ్ళనీ కలవండి. పేరుతో పిలుస్తున్నారా? గ్లాసు ఒకటేనా? కూర్చోడానికి కుర్చీ ఉందా? చేతులకి తొడుగులిచ్చారా? జీతం ఏ తారీఖున ఇస్తున్నారు? రాసుకోండి. రాసింది పట్టుకుని పదిమంది కలిసి వెళ్ళి అడగండి. అడగడానికి వెళ్ళేముందు మన ఇంట్లో పళ్ళెం మనం కడుక్కుందాం.

జై భీమ్!