ఇంటింటి కంప్యూటరు: ఏటి అవతలి ఆట

దసరా సెలవులకు సిరోంచలో మా చెల్లెలింటికి వెళ్ళాను. మేనల్లుడు ఎనిమిదో తరగతి, మరాఠీ బడి. ఇంట్లో మాట్లాడేదే వాడికి తెలుగు. అందుకే రోజూ సాయంత్రం గోదావరి అవతల కాళేశ్వరంలో ఉన్న పెదనాన్న కొడుకుతో కంప్యూటరులో క్రికెట్ ఆడుతూ గంటసేపు కబుర్లాడుతుంటే చెల్లెలు అడ్డు చెప్పదు. నేను వెళ్ళిన రోజున ఆ గంట కాస్తా పోట్లాటగా మారింది.

"మామా, నేను టైముకే కొట్టిన. బాలు పోయినంక బ్యాటు లేస్తుంది. అన్న నవ్వుతుండు. ఇగ నేను ఆడ!" అని వాడు కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. రేపే పెద్ద ప్లాను తీసుకుంటానన్నాడు బావ. ఆగమన్నాను. ఈ గొడవ మీ ఇళ్ళలోనూ ఉండే ఉంటుంది కనుక ఆయనకు చెప్పిందే మీకూ చెబుతాను.

వంతెన పడక ముందు ఇక్కడి వాళ్ళు పడవల మీద ఏరు దాటేవారు. పడవలో ఎందరు పడతారన్నది ఒక లెక్క, అవతలి ఒడ్డు చేరడానికి ఎంతసేపన్నది మరో లెక్క. పడవ పెద్దదైనంత మాత్రాన ఒడ్డు దగ్గరకు రాదు కదా! ప్లానులో చెప్పే మెగాబిట్లు పడవ సైజు. ఆటకు ముఖ్యం చేరే సమయం. మనం మీట నొక్కిన కబురు సర్వరుకు చేరి, జవాబు తిరిగి రావడానికి పట్టే ఆ కాలాన్నే లేటెన్సీ అంటారు. ఆటలో 'పింగ్' పేరుతో మిల్లీసెకన్లలో కనిపిస్తుంది. మిల్లీసెకను అంటే సెకనులో వెయ్యో వంతు.

తమాషా ఏమిటంటే, ఈ అన్నదమ్ముల మధ్య ఉన్నది ఒక్క గోదావరే. కాని ఆట నడిచేది సర్వరులో. అది ముంబైలో ఉంటే కబురు దాదాపు 750 కిలోమీటర్లు పోయి రావాలి. గాజు తీగలో వెలుతురు సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. ఆ లెక్కన ముంబైకి రానూ పోనూ 8 మిల్లీసెకన్లు చాలు. దారి వంకరలూ, మధ్య మజిలీలూ కలిసి 30, 40 అయినా ఆటకు ఇబ్బంది లేదు.

మావాడి తెర మీద మాత్రం 310 కనిపించింది! వెతికితే మూడు కారణాలు దొరికాయి.

ఒకటి, ఆటలో సర్వరు సింగపూర్ అని ఉంది. అన్నకు ఫోన్ చేసి, ఇద్దరిచేతా ముంబై పెట్టించాను.

రెండు, రూటరు ముందు గదిలో, కంప్యూటరు రెండు మందపాటి గోడల వెనక. వైఫై మానేసి కేబులు లాగాం.

మూడోది అసలు దొంగ. సరిగ్గా ఆ వేళకే మా చెల్లెలు పెళ్ళి వీడియోలు బంధువులకు పంపుతోంది. అవన్నీ రేవులో బారులు తీరితే బ్యాటు కబురు వాటి వెనకే నిలబడాలి. వీడియోలు రాత్రి భోజనాలయ్యాక పంపమన్నాను. ఇలా ఆపడం కుదరని ఇళ్ళలో, అప్‌లోడు వేగాన్ని లైను శక్తికంటే కాస్త తక్కువకు కట్టడి చేసే సౌకర్యం కొన్ని రూటర్లలో ఉంటుంది. అది వాడుకోవచ్చు.

పింగ్ 38కి దిగింది. పైసా ప్లాను మార్చలేదు, ఖర్చల్లా కేబులుకే.

విదేశాల్లో ఉన్నవారికి ఒక మాట. న్యూయార్క్ నుంచి హైదరాబాదుకు సుమారు 13 వేల కిలోమీటర్లు. తీగ నేరుగా వేసినా రానూ పోనూ 130 మిల్లీసెకన్లు తప్పవు, నిజానికి 200 దాటుతుంది. ఏ రూటరూ దాన్ని తగ్గించలేదు. అంత దూరంలో ఉన్న పిల్లలకు చదరంగం లాంటి వంతులవారీ ఆటలు పెట్టండి. కబుర్లకు ఏ లోటూ రాదు.

ఆ సాయంత్రం మావాడు మొదటి బంతికే అవుటయ్యాడు. "ఇప్పుడు నెట్టు మీద పెట్టకు తమ్మీ!" అన్నాడు ఏటి అవతలి నుంచి అన్న. ఇద్దరూ పగలబడి నవ్వుకున్నారు. ఆ నవ్వు మాత్రం ఆలస్యం లేకుండా వచ్చింది.