చౌక కూలీ మన బలం కాదు

రూపాయి పడిపోయిన ప్రతిసారీ ఒక మాట వినిపిస్తుంది: గల్ఫ్‌లో ఉన్నవాళ్లకు పండగే, పంపే ప్రతి దిర్హమ్‌కూ ఎక్కువ రూపాయలొస్తాయి అని. దాని వెనకే ఇంకోటి: అక్కడ జీతం తక్కువైతేనేం, సంసారం ఇక్కడే కదా, ఇక్కడ ఖర్చులు తక్కువే కదా. చదువుకున్నవాళ్లు కూడా తేలిగ్గా అనేసే ఈ మాట తప్పు. కూలివాడి కడుపు మీద కొట్టే మాట.

దిర్హమ్, సౌదీ రియాల్ రెండూ డాలరుతో ముడిపడినవే. మనం వాడే ముడి చమురులో 85 శాతానికి పైగా, వంటనూనెలో సగానికి పైగా బయటినుంచే కొంటున్నాం, అదీ ఎక్కువగా డాలర్లలోనే. రూపాయి దిగితే జగిత్యాలలో నూనె ప్యాకెట్టు ధర మీదా ఆ భారం పడుతుంది. దుబాయ్ నుంచి వచ్చిన సొమ్ములో అంకె పెద్దదవుతుంది, కిరాణా కొట్టుకు వెళ్లేసరికి అందులో కొంత కరిగిపోతుంది. అసలు లాభం యజమానిది. కూలివాడి ఇంట్లో రూపాయలు ఎక్కువ కనిపిస్తున్నంత కాలం దిర్హముల్లో జీతం పెంచమని అడిగేవాళ్లు తగ్గుతారు.

ఈ వాదం మాటలతో ఆగితే బాగుండేది. గల్ఫ్‌కు వెళ్లే మన కార్మికులకు కేంద్ర ప్రభుత్వమే ఒక కనీస వేతనం నిర్ణయిస్తుంది. 2020 సెప్టెంబరులో, కరోనాతో జనం అల్లాడుతున్న రోజుల్లో, దాన్ని 30 నుంచి 50 శాతం దాకా కోసేసింది. యూఏఈ, ఖతార్, ఒమన్, బహ్రెయిన్‌లకు 200 డాలర్లు. సౌదీకి 324 డాలర్లు, అంటే సుమారు 1,215 రియాళ్లు. అదే సౌదీలో 2021 ఏప్రిల్ నుంచి సొంత పౌరుడికి 4,000 రియాళ్లు ఇవ్వకపోతే స్థానికుల కోటాలో అతణ్ణి పూర్తి ఉద్యోగిగా లెక్కించరు. మన మేస్త్రికి అందులో మూడో వంతు కూడా అక్కర్లేదని తేల్చింది పరాయివాళ్లు కాదు, మన ప్రభుత్వమే. తెలంగాణలో వలస కార్మికుల తరఫున పనిచేసేవాళ్లు పోరాడి, హైకోర్టుకెక్కాక, 2021 జూలైలో పాత వేతనాలు తిరిగొచ్చాయి.

జీతం పెంచితే ఆ ఉద్యోగాలు నేపాల్‌కో బంగ్లాదేశ్‌కో పోతాయని భయపెడతారు. ఫిలిప్పీన్స్ 2006 చివర్లో విదేశాల్లో ఇంటిపని చేసే తన మహిళల కనీస జీతాన్ని 200 నుంచి 400 డాలర్లకు, ఒక్కసారిగా రెట్టింపు చేసింది. అమలులో మోసాలు జరిగాయి, అక్కడికి వెళ్లాక ఒప్పందాలు మార్చేసిన యజమానులున్నారు. అయినా ఫిలిపినో మహిళలకు పని దొరక్కుండా పోలేదు.

నైపుణ్యం లేదు కాబట్టి జీతం లేదన్నదీ నిలవదు. కోరుట్లలో గోడ కట్టిన చేతులే షార్జాలోనూ కడుతున్నాయి. జీతాన్ని మారుస్తున్నది సరిహద్దు, ఆ చేతిలోని పాస్‌పోర్టు.

పేద దేశాలు ఒకదానికంటే ఒకటి తక్కువకు పాడుకునే ఈ వేలంపాట ఆగాలి. కూలీలను పంపే ఆసియా దేశాలకు 2003 నుంచి కొలంబో ప్రాసెస్ అనే వేదిక ఉంది. 2024లో భారత్ దాని అధ్యక్ష స్థానం చేపట్టింది. ఏ దేశం పాస్‌పోర్టయినా ఒకే పనికి ఒకే కనీస వేతనం ఉండాలనీ, అది ఏటా ధరలతో పాటు పెరగాలనీ అక్కడ పట్టుబట్టాల్సింది మనమే.