కసరోలి ఓపికకు మూల్యం చెల్లించిందెవరు?

1975 ఆగస్టు 1న హెల్సింకీలో 35 దేశాల ప్రతినిధులు ఒకే పత్రంపై సంతకాలు చేశారు. అమెరికా తరఫున ఫోర్డ్, సోవియట్ యూనియన్ తరఫున బ్రెజ్నెవ్, యుగోస్లావియా తరఫున టిటో. వాటికన్ తరఫున సంతకం పెట్టింది ఆర్చిబిషప్ అగోస్టీనో కసరోలి. కమ్యూనిస్టు ప్రభుత్వాలకు కావలసింది రెండో ప్రపంచ యుద్ధం తర్వాతి సరిహద్దులకు గుర్తింపు. అది దక్కింది కనుక, ఆలోచనకు, మనస్సాక్షికి, మత విశ్వాసానికి స్వేచ్ఛ ఉండాలన్న ఏడో సూత్రాన్ని అవి అంతగా లెక్కచేయలేదు. మత స్వేచ్ఛ మాట అందులో ఉండి తీరాలని చర్చల్లో పట్టుబట్టింది వాటికన్. ఏడాది తిరగకుండానే మాస్కోలో ఆ హామీల అమలును గమనించే హెల్సింకీ బృందం పుట్టింది. 1977 జనవరిలో ప్రాగ్‌లో పౌర హక్కుల ప్రకటన ‘చార్టర్ 77’ వెలువడింది. మీరు సంతకం పెట్టిన కాగితమే కదా ఇది అని పౌరులు పాలకులను నిలదీయడం మొదలైంది.

ఇరవయ్యో శతాబ్దపు కథోలిక సంఘం చూసిన అత్యంత నిపుణుడైన దౌత్యవేత్త కసరోలి. అత్యంత వివాదాస్పదుడూ ఆయనే. 1914లో ఉత్తర ఇటలీలోని ఓ చిన్న ఊళ్లో దర్జీ ఇంట పుట్టారు. 1937లో గురుపట్టం పొంది, 1940లో వాటికన్ విదేశాంగ కార్యాలయంలో చిన్న ఉద్యోగిగా చేరి, యాభై ఏళ్లు అక్కడే గడిపారు. రోమ్‌లోని బాల నేరస్థుల జైలుకు వెళ్లి ఆ పిల్లలతో గడపడం మాత్రం ఎంత పెద్ద పదవిలో ఉన్నా మానలేదు. ఆయనను తప్పుపట్టేవాళ్లు కూడా కాదనని గుణమిది.

కసరోలి దారి మలుపు తిరిగింది 1963లో. క్యూబా క్షిపణుల సంక్షోభం గడిచి అప్పటికి కొన్ని నెలలే. ఉక్రెయిన్ కథోలికుల పెద్ద యోసిఫ్ స్లిపీని 18 ఏళ్ల నిర్బంధం తర్వాత క్రుశ్చేవ్ విడిచిపెట్టారు. ఈ చిన్న సందును వదులుకోకూడదని పోప్ ఇరవై మూడో జాన్ భావించారు. ఆ వసంతంలో వియన్నాలో ఒక అంతర్జాతీయ సదస్సుకు వెళ్లిన కసరోలిని అటునుంచి బుడాపెస్ట్‌కు, ప్రాగ్‌కు పంపారు. అక్కడ ఆయన చూసిన సంఘం శిథిలావస్థలో ఉంది. బిషప్‌లు కొందరు జైల్లో, కొందరు గృహనిర్బంధంలో. ఎన్నో మేత్రాసనాలకు, అంటే బిషప్ పాలనలో ఉండాల్సిన ప్రాంతాలకు, అధిపతులే లేరు. బిషప్ లేకపోతే కొత్త గురువులకు పట్టమిచ్చేవారుండరు, గురువులు లేకపోతే దివ్యపూజ ఉండదు. ఒక తరం గడిస్తే సంఘం దానంతటదే కనుమరుగవుతుంది. కసరోలి లెక్క అంతా దీనిమీదే నడిచింది: ప్రభుత్వం ఏ షరతు పెట్టినా సరే, ముందు బిషప్‌లను నిలబెట్టాలి.

1964లో హంగరీతో పాక్షిక ఒప్పందం, 1966లో యుగోస్లావియాతో మరొకటి కుదిరాయి. 1971లో అణ్వస్త్ర వ్యాప్తి నిరోధక ఒప్పందంలో వాటికన్ చేరిన పత్రాలు అందించే పని మీద ఆయన మాస్కో వెళ్లారు. ఆ సాకుతో సోవియట్ కథోలికుల ఊసెత్తడానికీ ప్రయత్నించారు.

అయితే ఈ ఓపికకు అయిన ఖర్చు ఎవరి ఖాతాలో పడింది?

కార్డినల్ యోజెఫ్ మిండ్‌సెంటీ సంగతి చూడండి. హంగరీ ప్రభుత్వం 1949లో ఆయనకు యావజ్జీవ శిక్ష వేసింది. 1956 తిరుగుబాటులో బయటపడ్డారు. కొద్ది రోజులకే సోవియట్ ట్యాంకులు రావడంతో బుడాపెస్ట్‌లోని అమెరికా దౌత్య కార్యాలయంలో తలదాచుకుని, 15 ఏళ్లు ఆ గోడలు దాటలేదు. 1963లో కసరోలి అక్కడే ఆయనను కలిశారు. దేశం విడిచి వెళ్లడానికి ఆ వృద్ధుడు ససేమిరా అన్నారు. చివరికి పోప్ ఆరవ పాల్ కోరిక మేరకు 1971 సెప్టెంబరులో వెళ్లిపోయారు. 1974లో ఆయన పీఠం ఖాళీ అయినట్లు వాటికన్ ప్రకటించింది. తాను రాజీనామా చేయలేదని మిండ్‌సెంటీ లోకానికి చెప్పుకోవలసి వచ్చింది. మరుసటి ఏడాది వియన్నాలో ప్రవాసిగానే కన్నుమూశారు. హంగరీ సంఘానికి కొత్త అధిపతి దొరికిన మాట నిజమే. కానీ చిత్రహింసలు అనుభవించిన మనిషిని సొంత ఇంటివాళ్లే పక్కకు తప్పించారన్న గాయం మిగిలింది. ఆ గాయాన్ని దౌత్య అవసరం పేరుతో కొట్టిపారేయడం అన్యాయం.

చెకొస్లవేకియాలోనూ అంతే. 1973లో అక్కడ కొత్తగా అభిషిక్తులైన నలుగురు బిషప్‌లలో ఒకరైన యోసెఫ్ వ్రానా, ప్రభుత్వ అనుకూల గురువుల సంఘానికి అధ్యక్షుడు. రహస్యంగా పూజలు చేస్తూ, పట్టుబడితే జైలుకెళ్తున్న గురువులకు ఈ నియామకం ఎలా అనిపించి ఉంటుంది? హంగరీ గూఢచారులు రోమ్‌లోని హంగరీ గురువుల విద్యాసంస్థలోకి సైతం చొరబడ్డారని కమ్యూనిస్టు పాలన పోయాక బయటపడ్డ దస్త్రాలు చెబుతున్నాయి. వాటికన్ నమ్మకంతో తెరిచిన తలుపు అవతలివాళ్లకు కిటికీగా పనికొచ్చింది.

ఇంతటితో ఆగితే కసరోలిది ఓడిపోయిన దౌత్యం అనాలి. 1978లో పోలండ్ నుంచి వచ్చిన కరోల్ వోయ్‌తీవా రెండవ జాన్‌పాల్ పేరుతో పోప్ అయ్యారు. కమ్యూనిస్టు పాలనలో బతికిన కొత్త పోప్ ఈ మెతక దౌత్యవేత్తను సాగనంపుతారని చాలామంది అనుకున్నారు. ఆయన సరిగ్గా అందుకు విరుద్ధంగా చేశారు. 1979లో కసరోలిని కార్డినల్‌ను చేసి, వాటికన్‌లో పోప్ తర్వాతి స్థానమైన స్టేట్ సెక్రటరీ పదవిలో కూర్చోబెట్టారు. పోప్ బహిరంగంగా జనంతో మాట్లాడతారు, కసరోలి మూసిన గదిలో ప్రభుత్వాలతో మాట్లాడతారు. అప్పటిదాకా కసరోలి దౌత్యానికి లేనిది ఈ బహిరంగ గొంతే.

ఆ రెండూ కలిస్తే ఏమవుతుందో 1985 జులైలో చెకొస్లవేకియాలో, మొరావియా ప్రాంతంలోని వెలెహ్రాద్‌లో కనిపించింది. స్లావులకు క్రైస్తవం బోధించిన పునీత మెథోడియస్ 1,100వ వర్ధంతి అది. పోప్‌ను ప్రభుత్వం రానివ్వలేదు, ఆయన ప్రతినిధిగా కసరోలి వచ్చారు. లక్ష మందిని మించిన జనం. సాంస్కృతిక మంత్రి ప్రసంగిస్తూ దాన్ని శాంతి ఉత్సవంగా చెప్పబోతే, ఇది తీర్థయాత్ర అని జనం కేకలు వేశారు. మెథోడియస్ పేరుకు ముందు ‘పునీత’ అని అనకపోతే వాళ్లే గట్టిగా అరిచి చేర్చారు. పన్నెండేళ్ల కిందట ఇదే ప్రభుత్వంతో బేరమాడి నలుగురు బిషప్‌లను తెచ్చుకున్న కసరోలి ఎదుటే ఇది జరిగింది.

1988 జూన్‌లో ఆయన పోప్ లేఖతో క్రెమ్లిన్‌లో గోర్బచేవ్‌ను కలిశారు. 1989 డిసెంబరు 1న గోర్బచేవ్ స్వయంగా వాటికన్‌కు వచ్చారు. సరిగ్గా ఏడాదికి కసరోలి పదవి నుంచి తప్పుకున్నారు. 1998లో మరణించారు.

ఇదంతా గడిచిన చరిత్ర కాదు. బిషప్‌ల నియామకంపై 2018 సెప్టెంబరులో చైనాతో వాటికన్ కుదుర్చుకున్న తాత్కాలిక ఒప్పందం అచ్చంగా కసరోలి బాట. దాని పాఠం ఇప్పటికీ బయటపెట్టలేదు. 2023లో వాటికన్‌ను అడగకుండానే చైనా షాంఘైకి ఒక బిషప్‌ను బదిలీ చేసింది. మూడు నెలలకు పోప్ ఫ్రాన్సిస్ దాన్ని ఆమోదించారు. హాంకాంగ్ కార్డినల్ జోసెఫ్ జెన్ ఈ ఒప్పందాన్ని ద్రోహమంటున్నారు. దీన్ని నడిపిన కార్డినల్ పియెత్రో పరోలిన్ ఓపికే మార్గమంటున్నారు.

ఈ ఒప్పందమే వద్దన్న జెన్ వాదన సరికాదు. బిషప్‌లు లేని సంఘం ఏమవుతుందో 1963లో కసరోలి కళ్లారా చూశారు. కానీ పరోలిన్ అనుసరిస్తున్నది కసరోలి జీవితంలోని మొదటి సగాన్నే. 1979 తర్వాతి సగంలో గది బయట గట్టిగా మాట్లాడే గొంతు ఉంది. చైనా విషయంలో ఆ గొంతు వినిపించడం లేదు. బావోడింగ్ బిషప్ జేమ్స్ సూ జిమిన్‌ను 1997లో అరెస్టు చేశారు. ఆయన ఏమయ్యారో ప్రభుత్వం ఇంతవరకు చెప్పలేదు. 2024లో నాలుగేళ్లకు పొడిగించిన ఒప్పందం 2028 అక్టోబరులో మళ్లీ బల్ల మీదికి వస్తుంది. దానిపై సంతకం పెట్టే ముందు వాటికన్ సూ జిమిన్ పేరును బీజింగ్ గదుల్లోనే కాక సెయింట్ పీటర్స్ చౌక్‌లో, అందరూ వినేలా పలకాలి.