అరవని గొంతు

చిన్నప్పుడు మా ఊళ్ళో పద్యనాటకం ఆడితే, రాగం ఎంత పొడుగ్గా తీస్తే అన్ని వన్స్‌మోర్‌లు పడేవి. గొంతు చించుకున్నవాడే మొనగాడని నాకూ గట్టి నమ్మకం. దాన్ని కాస్తా వమ్ము చేసిన మహానుభావుడు కోల్మ్ విల్కిన్‌సన్.

1944లో డబ్లిన్‌లో పుట్టిన ఐర్లండు మనిషి. రాక్ బ్యాండుల్లో పాడుతూ పైకొచ్చాడు. 1976లో ‘ఎవీటా’ రికార్డులో చే పాత్ర పాడాడు. 1978 యూరోవిజన్ పోటీలో తన దేశానికి ఐదో స్థానం తెచ్చాడు. 1985లో ‘లె మిజరబ్ల్’ నాటకం ఆయన తలుపు తట్టింది.

ఆ కథ మనకేం కొత్త? 1950లో మన నాగయ్యగారు కంటతడి పెట్టించిన ‘బీదల పాట్లు’కు మూలం కూడా హ్యూగో రాసిన ఆ నవలే!

1985 అక్టోబరు 8న లండన్ బార్బికన్‌లో తొలి ఆట. పత్రికలు చాలావరకు చీల్చి చెండాడాయి. జనం మాత్రం టిక్కెట్లకు ఎగబడ్డారు. అందులో ‘బ్రింగ్ హిమ్ హోమ్’ అని ఓ పాట ఉంది. ఆయన గొంతు కోసమే కట్టింది. పోరాటం మధ్య నిద్రపోతున్న కుర్రాణ్ణి బతికించమని జాన్ వాల్జాన్ దేవుణ్ణి వేడుకుంటాడు. స్వరం తారస్థాయికి ఎక్కాలి, కుర్రాడి నిద్ర మాత్రం చెడకూడదు! టెనర్‌కి అసలు పరీక్ష అదీ. పైకెక్కి అరవడానికి బలం చాలు. పైకెక్కి మెల్లగా పాడాలంటే ఊపిరి చెప్పిన మాట వినాలి. వారానికి ఎనిమిది ఆటలాడే చోట ఇది తమాషా కాదు.

బ్రాడ్వేకి తీసుకెళ్తామంటే అమెరికా నటుల సంఘం బయటివాడు వద్దంది. ఆయన లేందే నాటకమే లేదని నిర్మాత మాకింతోష్ భీష్మించాడు. 1987 మార్చి 12న అక్కడా తెర లేచింది. తర్వాత 1989లో టొరంటోలో ఫాంటమ్ వేషం కట్టి ఏళ్ళ తరబడి పాడాడు.

2012లో సినిమా తీసినప్పుడు హీరో హ్యూ జాక్‌మన్. మన పాత హీరోకి దక్కింది బిషప్పు వేషం. దొంగతనం చేసి దొరికిపోయిన వాల్జాన్‌కి వెండి కొవ్వొత్తి స్టాండ్లు కూడా ఇచ్చి, మంచిగా బతకమని పంపేసే బిషప్పు. 27 ఏళ్ళ కిందట ఆ వెండిని అందుకున్న చేతులే ఇప్పుడు ఇస్తున్నాయి! హాల్లో నా గొంతు పూడుకుపోయింది.

వేషం చేజారిందని కుమిలిపోయిన నటుల్ని చాలామందిని చూశాం. చేతులారా అప్పగించిన వాళ్ళని ఎందరిని చూశాం? అది కూడా పైస్థాయిలో మెల్లగా పాడటం లాంటిదే.

ఏమంటారు?