గణితశాస్త్రమున పట్టము: ఎవరికి? ఎందుకు?

లెక్కలలో మంచి మార్కులు వచ్చిన పిల్లవాడు ఇంజనీరు కావలెననియు, ఇంజనీరింగున చోటు దొరకనివాడు గణితము తీసికొని బి.ఎస్‌సి. చదువుకొనవచ్చుననియు మన పట్టణమున ఒక ఆచారము పాతుకొని యున్నది. దీనిని ఏ ప్రభుత్వమును విధింపలేదు. తలిదండ్రులును, ఉపాధ్యాయులును, బంధువులును కలిసి కల్పించుకొనిన ఆచారమిది. దీనివలన విద్యార్థికిని, గణితమునకును, తుదకు మన పాఠశాలలకును నష్టము కలుగుచున్నదని నా దృఢాభిప్రాయము. గణితమున పట్టము బంతి లేచిన పిమ్మట వచ్చినవారికి పెట్టు మిగులు కూడు కాదు. అట్లని మార్కులు వచ్చిన ప్రతివాడును దానికి అర్హుడనియు నేను చెప్పను. అది ఎవరికి తగును, ఎందుకు తగును అను రెండు ప్రశ్నలను గూర్చి ఈ పత్రికను చదువు విద్యార్థులతోను, వారి తలిదండ్రులతోను కొంచెము ముచ్చటింప గోరుచున్నాను.

మొట్టమొదట ఒక భ్రమను తొలగింపవలయును. కళాశాలలోని గణితము పాఠశాలలోని లెక్కలకు పొడిగింపు మాత్రమే యని అనేకులు తలంతురు. కొంతవరకు అది నిజమే. అవకలన సమీకరణములు మొదలగు భాగములలో ఇంటర్మీడియేటున నేర్చిన పద్ధతులే ముందునకు సాగును. కాని వాస్తవ విశ్లేషణము, సమూహములు, రేఖీయ బీజగణితము అను భాగములు వచ్చునప్పటికి త్రోవ మారిపోవును. పాఠశాలలో "కనుగొనుము" అని యుండెడి ప్రశ్న యిచ్చట "నిరూపింపుము" అని యుండును. అవధిని కనుగొనుమన్నప్పుడు ఇంటర్మీడియేటు విద్యార్థి సూత్రము వేసి జవాబు రాబట్టిన చాలును. పట్టపు తరగతిలో, అసలు అవధి యనగా నేమి యని అడుగుదురు. "మీరు ఎంత సూక్ష్మమైన తేడాను చెప్పినను సరే, తేడా అంతకంటె తక్కువగా నుండునట్లు ఒక హద్దును నేను చూపగలను" అని ఎదుటివానికి మాటయిచ్చి, ఆ మాటను నిలుపుకొనుటయే అవధి. నూటికి నూరు మార్కులు తెచ్చుకొనిన బాలుడు ఈ చోటికి వచ్చి తెల్లబోవుట కలదు. వాని తెలివి తగ్గలేదు; అడుగు ప్రశ్న మారినది.

నిరూపణమునకు ఇంత పట్టుదల యేల? ఒక ఉదాహరణము చెప్పెదను. చిన్న తరగతుల పిల్లలును కాగితము తీసికొని చేయవచ్చును. ఏదైన ఒక సంఖ్యను తీసికొని, దాని వర్గమునకు ఆ సంఖ్యనే కలిపి, మరల 41 కలుపుడు. 0 తీసికొన్న 41 వచ్చును. 1 తీసికొన్న 43. 2 తీసికొన్న 47. 3 తీసికొన్న 53. ఇవి యన్నియు ప్రధాన సంఖ్యలే. 39 వరకు ఏ సంఖ్యను తీసికొన్నను ప్రధాన సంఖ్యయే వచ్చును. ఇట్లు 40 సారులు పరీక్షించినవాడు ఇక ఎల్లప్పుడును ఇంతే యని నమ్మును. లోకవ్యవహారమున 40 సారులు నిజమైనదానిని నమ్మనివానిని మనము మూర్ఖుడందుము. కాని 40 తీసికొని చూడుడు: 1600, 40, 41 కలిసి 1681. అది 41ని 41 చేత గుణింపగా వచ్చు సంఖ్య. ప్రధాన సంఖ్య కాదు. 18వ శతాబ్దపు గణితజ్ఞుడైన ఆయిలరు పేరుతో ప్రసిద్ధమైన ఈ లెక్క మనకు నేర్పు పాఠ మేమనగా, ఎన్నిమారులు చూచినను చూచుట వేరు, తెలియుట వేరు.

దీని ప్రక్కన యూక్లిడు నిరూపణము నొకటి ఉంచుడు. ప్రధాన సంఖ్యలకు అంతము లేదని ఆయన సుమారు 2300 ఏండ్లకు పూర్వము చూపెను. "ఇవియే సమస్త ప్రధాన సంఖ్యలు" అని ఎవడైనను ఒక పట్టికను తెచ్చినచో, వాని నన్నిటిని గుణించి, 1 కలుపుడు. వచ్చిన సంఖ్యను పట్టికలోని ఏ సంఖ్యతో భాగించినను 1 శేషించును. కావున దానిని శేషము లేకుండ భాగించు ప్రధాన సంఖ్య పట్టికకు వెలుపల ఉండి తీరవలయును. ఇందు చేసిన లెక్క యెంత? ఒక గుణకారము, ఒక కూడిక. అవియైనను నిజముగా చేయనక్కరలేదు. అయినను ఈ మాట నాడెంత సత్యమో నేడును అంతే సత్యము. గణితమున పట్టమునకు చదువుట యనగా ఇట్టి సత్యమును పరులు చెప్పగా వినుట కాదు; తానే కట్టి నిలువబెట్ట నేర్చుకొనుట.

కాబట్టి ఇది ఎవరికి తగును? త్వరగా లెక్క చేయువానికే యని నేననను. వేగము పోటీపరీక్షలకు కావలసిన గుణము. ఇచ్చట కావలసినది ఒకే ప్రశ్నతో దినముల తరబడి కూర్చుండగల ఓర్పు. తలిదండ్రులు ఇంటనే ఒక చిన్న పరీక్ష పెట్టవచ్చును. "1 కన్న చిన్నవగు సంఖ్యలలో అన్నిటికన్న పెద్దది యేది?" అని పిల్లవాని నడుగుడు. 0.9 అని ఒకడు చెప్పును, 0.99 దానికన్న పెద్దది గదా యని మీరనగా సరేయని ఆటకు పోవును. మరియొకడు భోజనము వేళ మరల వచ్చి, "ఎంతటి సంఖ్యను చెప్పినను దానికిని 1కిని నడుమ మరియొకటి దొరకుచున్నది, అట్లయిన అన్నిటికన్న పెద్దది లేనే లేదా?" అని అడుగును. ఈ రెండవవాని మార్కులు తక్కువైనను అతనిని గణితమునకు పంపుడు. మొదటివాడు మంచి ఇంజనీరో, వైద్యుడో, వర్తకుడో కావచ్చును. వానిని నేను తక్కువ చేయుటలేదు.

జీవనోపాధి మాటయేమి యని తలిదండ్రులు అడుగుట న్యాయమే. కట్టడమునకు పూనుకొనకముందే ఖర్చును అంచనా వేసికొనుమని ప్రభువు గోపురపు ఉపమానమున బోధించెను గదా. నిష్పక్షపాతముగా చెప్పవలెనన్న, మూడేండ్ల పట్టముతోనే పెద్ద జీతము దొరకుట అరుదు. దానిపై ఎం.ఎస్‌సి. గాని, బి.ఇడి. గాని, గణాంకశాస్త్రము, కంప్యూటరు విద్య వంటి మరియొక చదువు గాని తోడు కావలయును. మూడేండ్లు కాగానే బిడ్డ సంపాదనపై ఆధారపడవలసిన కుటుంబము ఈ సంగతిని ముందే తెలిసికొని నిర్ణయించుకొనవలెను. అయితే తలుపులు మూసియున్నవనుట మాత్రము సరికాదు. భీమా సంస్థలలో ఆయుర్దాయపు లెక్కలు కట్టు యాక్చువరీలు, బ్యాంకులలో నష్టభయమును అంచనా వేయువారు, రహస్యలిపులను రూపొందించువారు, యంత్రములకు నేర్పు పద్ధతులను కనుగొనువారు, వీరందరి పనికిని మూలము గణితమే. ఉపాధ్యాయవృత్తి సరేసరి.

మన సికిందరాబాదునే చూడుడు. 1920 నవంబరు 13న హైదరాబాదున జన్మించిన కె. జి. రామనాథను ఈ ఊరి వెస్లీ మిషను ఉన్నత పాఠశాలలోనే చదివెను. నిజాము కళాశాలలో చేరి 1940లో గణితమున బి.ఏ. పట్టము పొందెను. తరువాత చెన్నపట్టణమందలి లొయోలా కళాశాలకు పోయెను. అచ్చట ఫాదరు చార్లెసు రసీన్ అను ఫ్రెంచి జెస్విటు బోధకుడు ఉండెను. ఆయన ఐరోపాలోని నూతన గణితమును ఎరిగినవాడు. పరీక్షకు కావలసిన దానితో తృప్తిపడక, అప్పుడప్పుడే పుట్టుచున్న భావములను విద్యార్థుల ముందుంచెను. మన సికిందరాబాదు విద్యార్థి అచ్చటనుండి అమెరికాలోని ప్రిన్‌స్టనుకు పోయి, ఎమిల్ ఆర్టిన్ శిష్యుడై 1951లో డాక్టరేటు పొంది, బొంబాయిలోని టాటా మౌలిక పరిశోధన సంస్థలో చేరి, సంఖ్యాశాస్త్రమున తరువాతి తరమువారిని తీర్చిదిద్దెను. 1965లో భట్నాగరు బహుమానమును, 1983లో పద్మభూషణ బిరుదమును పొంది, 1992లో కీర్తిశేషుడయ్యెను. ఆ ఫాదరు రసీన్ శిష్యుడే మరియొకడు, సి. ఎస్. శేషాద్రి, చెన్నై గణిత సంస్థను స్థాపించెను. ఒక మిషను పాఠశాల, ఒక మిషను కళాశాల, ఒక బోధకుడు: ఇంతమాత్రము నుండి ఎంత వృక్షము పెరిగినదో మిషను సేవలో నున్న మనము గమనింపవలయును.

రామనాథను పుట్టిన యేటనే, రెండు నెలలు ముందుగా, తెలుగు కుటుంబమున కల్యంపూడి రాధాకృష్ణ రావు పుట్టెను. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితము చదివిన యీయన ఉద్యోగమునకై కలకత్తా పోగా, వయస్సు చాలదని త్రోసివేసిరి. అచ్చటనే భారతీయ గణాంక సంస్థ ఉన్నదని తెలిసికొని 1941లో అందు చేరెను. కొంతకాలమునకు కలకత్తాలో తరగతికి పాఠము చెప్పుచుండగా ఒక విద్యార్థి లేచి, "మీరు చెప్పిన ఫలితము పరిశీలనలు అసంఖ్యాకముగ నున్నప్పటిది, కొలదిగా నున్నప్పుడేమగును?" అని యడిగెను. పాతికేండ్లు నిండని ఆ యుపాధ్యాయుడు ఆ రాత్రియే కూర్చుండి జవాబు కనుగొనెను. ఎంత నేర్పుతో పక్షపాతము లేని అంచనా వేసినను దాని యందలి తప్పు ఇంతకన్న తగ్గదని చెప్పు హద్దు అది. 1945లో ప్రకటితమైన ఆ ఫలితమును, స్వీడను దేశపు గణితజ్ఞుని పేరు చేర్చి, క్రామేరు-రావు అసమానత యని లోకమంతయు వ్యవహరించుచున్నది. ఆయన 2023లో అంతర్జాతీయ గణాంకశాస్త్ర బహుమానమునందుకొని, అదే సంవత్సరమున 102వ యేట దివంగతుడయ్యెను. ఆ విద్యార్థి నోరు మూసికొని కూర్చుండినచో ఆ రాత్రి ఆ పని జరిగియుండునా?

ఇక చదువవలసిన తీరు. ఇచ్చటనే మనవారు ఎక్కువగా చెడుచున్నారు. పరీక్షకు పది సిద్ధాంతములు ఏరుకొని, వాని నిరూపణములను గైడు పుస్తకము నుండి పద్యమువలె కంఠస్థము చేయువారు కలరు. వారు పట్టము పొందవచ్చును గాని గణితమును పొందరు. సిద్ధాంతమును చదివిన వెంటనే పుస్తకము మూసి, తెల్లకాగితముపై స్వంతముగా వ్రాయుడు. ఎచ్చట ఆగిపోతిరో ఆ చోటే మీకు తెలియని చోటు. తరువాత, సిద్ధాంతమున చెప్పిన నియమములలో ఒకదానిని తీసివేసి, అప్పుడును అది నిలుచునో లేదో చూడుడు. నిలువనిచో ఎందుకు కూలెనో చూపు ఒక ఉదాహరణమును మీరే కల్పింపుడు. దినమునకు ఒక నిరూపణము ఇట్లు చదివినవానికి మూడేండ్లలో ఎంత బలము చేకూరునో చెప్పనలవి కాదు. తోటివానికి బోధించుట మరియొక మంచి సాధనము. మనకు సగమే తెలిసినదని అప్పుడు బయటపడును.

చదువుటకు చోట్లు లేవనుటయు సరికాదు. నిజాము కళాశాల మొదలుకొని మన జంటనగరములలో గణితము చెప్పు కళాశాలలు పెక్కు కలవు. హైదరాబాదు విశ్వవిద్యాలయమున ఇంటర్మీడియేటు పిమ్మటనే ప్రవేశించి ఎం.ఎస్‌సి. వరకు చదువు మార్గమున్నది. చెన్నై గణిత సంస్థయు, బెంగుళూరు, కలకత్తాలలోని భారతీయ గణాంక సంస్థయు తమ స్వంత ప్రవేశపరీక్షలు పెట్టుచున్నవి; వానియందు కంఠస్థము పనికిరాదు. 2010 ఆగస్టులో ప్రపంచ గణితజ్ఞుల మహాసభ, భారతదేశమున మొట్టమొదటిసారిగా, మన హైదరాబాదుననే జరిగెను. ఆ శాస్త్రలోకమునకు మనది దూరపు ఊరు కాదు. తెలుగున చదివిన పిల్లలు ఇంగ్లీషు పుస్తకములను చూచి జంకనక్కరలేదు. 11వ శతాబ్దముననే పావులూరి మల్లన మహావీరాచార్యుని గణితమును తెనుగు పద్యములలో పెట్టెను. నేటికాలమున తెలుగు అకాడమి పాఠ్యగ్రంథములు ప్రకటించెను. తెలుగున తేటపడిన నిరూపణము ఏ భాషలోనైనను తేటగానే యుండును. ఆడపిల్లలకు ఈ శాస్త్రము బరువనుట మరింత అన్యాయము. గణితమున అత్యున్నతమగు ఫీల్డ్సు పతకమును 2014లో ఇరాను దేశమున పుట్టిన మరియం మీర్జాఖానీ గెలిచి, దానిని పొందిన మొదటి స్త్రీయయ్యెను.

చివరకు నన్ను మిక్కిలి కలవరపెట్టు మాట చెప్పెదను. "ఏల?" అని అడుగు పిల్లలందరును మరియొక దారిని పోయి, వేరుచోట చోటు దొరకనివారే గణితమునకు వచ్చుచుండినచో, రేపు మన పాఠశాలలలో లెక్కలు చెప్పువారెవరు? సూత్రము మాత్రమే యెరిగిన ఉపాధ్యాయుడు సూత్రమునే యిచ్చును. ఋణసంఖ్యను ఋణసంఖ్యచే గుణించిన ధనసంఖ్య యేల యగునని ఆరవ తరగతి బిడ్డ అడిగిన, "అది నియమము, వ్రాసికొనుము" అనును. ఆ నాడే ఆ బిడ్డలో ఒక దీపమారిపోవును. కారణమెరిగిన ఉపాధ్యాయుడున్నచో ఆ ప్రశ్నయే పాఠమగును. రామనాథనునకు ఒక రసీన్ దొరికెను. మన బిడ్డలకు దొరకవలెనన్న మన బిడ్డలలో కొందరు ఆ చదువు చదువవలయును.

కావున తలిదండ్రులారా, మీ యింట ప్రశ్నలు వేయు బిడ్డ యున్నచో, ఊరిలో ఎవరేమనుకొందురో యని వెనుదీయకుడు. విద్యార్థులారా, మార్కులను చూచి గణితమునకు రాకుడు. మార్కులు లేవని దానికి దూరము కాకుడు. మీ మనస్సు ఒక ప్రశ్నను విడువజాలనిచో, ఆ ప్రశ్నయే మీ పిలుపని యెంచుడు. సమస్తమును పరిమాణముతోను క్రమముతోను నిర్మించిన దేవుడు మీ శ్రమను దీవించుగాక.