మచ్చు వేరు, బస్తా వేరు

మన కళాశాలలో బొమ్మలు వేసేవాళ్లకు కొదవ లేదు. సైన్సు ఎగ్జిబిషన్‌కు చార్టులు కావాలన్నా, వీడ్కోలు సభకు బ్యానరు కావాలన్నా అందరూ వెతికేది వాళ్లనే. పని అయ్యాక "భలే వేశావోయ్" అని ఒక మాట, ఒక టీ. అంతటితో సరి. చదువు అయిపోయాక ఈ విద్య వాళ్లకు అన్నం పెడుతుందా అని మాత్రం ఎవరూ ఆలోచించరు. పెడుతుందనే నా వాదన. అయితే అందుకు రెండు పనులు తెలియాలి: మచ్చు చూపడం, బేరం చెయ్యడం.

మాది మిరప పండించే ఇల్లు. యార్డులో టిక్కీలోంచి గుప్పెడు కాయలు తీసి రంగు చూస్తారు, తేమ చూస్తారు. ఆ గుప్పెడును బట్టే సరుకంతటికీ ధర. ప్రచురణకర్తలు అడిగే పోర్ట్‌ఫోలియో కూడా అలాంటి మచ్చే. ఇంట్లో ఉన్న బొమ్మలన్నీ కుమ్మరించడం కాదు. పది పన్నెండు మంచివి చాలు. అందులో ఒక్క తాలుకాయ ఉన్నా చూసేవాడి కన్ను ముందు దానిమీదే పడుతుంది.

మరి ఏ బొమ్మలు పెట్టాలి? మనవాళ్లలో చాలామంది సినిమా తారల పెన్సిలు బొమ్మలు పెడతారు. ఫోటో చూసి దించిన బొమ్మ చేతి ఓపికను చెబుతుందే గానీ ఊహను చెప్పదు. పిల్లల పుస్తకాల పని కావాలనుకుంటే, ఒకే పిల్లవాణ్ణి నాలుగు సన్నివేశాల్లో అదే ముఖంతో వేసి చూపాలి. కథలకు వెయ్యాలనుకుంటే, కథలో ఏ క్షణాన్ని పట్టుకోవాలో తెలుసునని చూపాలి. 1947లో మొదలైన చందమామ ఇప్పుడు రావడం లేదు. అయినా భుజాన శవం వేసుకుని నడిచే విక్రమార్కుణ్ణి శంకర్ గారు వేసిన తీరు ఆ పత్రిక చదివినవాళ్లెవరూ మరచిపోలేదు. కథంతా ఆ ఒక్క బొమ్మలో ఉంది.

"మనం సైన్సు వాళ్లం, మనకెందుకు ఇదంతా?" అనకండి. బాపు గారు చదివింది న్యాయశాస్త్రం. పైగా మనకున్న వీలు ఇతరులకు లేదు. పాఠ్యపుస్తకాలకు, వ్యవసాయ కరపత్రాలకు, పురుగుల మందుల వాడకం చెప్పే పటాలకు విషయం తెలిసిన చెయ్యి కావాలి. అడిగిన బొమ్మ నిమిషంలో కంప్యూటరే వేసిపెడుతోంది కదా అంటారు. నిజమే. కానీ పత్తి పువ్వులో కేసరాలన్నీ ఒక గొట్టంలా కలిసి ఉంటాయి. కంప్యూటరు బొమ్మలో అవి విడివిడిగా ఉంటే తప్పని చెప్పగలిగేది పువ్వు కోసి చూసినవాడే. కాబట్టి రికార్డు బుక్కును మార్కుల కోసమే వెయ్యకండి. అందులో మీ మచ్చు ఉంది.

ఇక బేరం. ఇక్కడే మనం మెతక. "ముందు ఒకటి ఊరికే వేసిపెట్టు, నచ్చితే చూద్దాం. నీకూ పేరొస్తుంది" అంటారు. మచ్చు గుప్పెడే. వాళ్లకు కావలసిన అట్టబొమ్మనే ఊరికే వేసిపెట్టమనడం బస్తా అడగడం. కొత్తవాళ్లు తక్కువకు ఒప్పుకోవచ్చు, అందులో చిన్నతనం లేదు. రైతూ ధర లేనప్పుడు తక్కువకే అమ్ముతాడు. కానీ తూకం వెయ్యకుండా ఇవ్వడు.

ఆ తూకమే ఒప్పంద కాగితం. ఎన్ని బొమ్మలు, ఏ సైజు, ఎన్నిసార్లు మార్చాలి, అడ్వాన్సు ఎంత, ఎక్కడెక్కడ వాడుకుంటారు, పేరు వేస్తారా లేదా అన్నీ అందులో రాసుకోవాలి. 1957 నాటి కాపీరైటు చట్టం 17వ సెక్షన్ ప్రకారం, డబ్బిచ్చి వేయించుకున్న చిత్రానికి వేరే ఒప్పందం లేకపోతే వేయించుకున్నవారే మొదటి హక్కుదారు. కాగితం లేకపోతే మన బొమ్మ మనది కాదన్నమాట! హక్కు రాసిచ్చేటప్పుడు కూడా 19వ సెక్షన్ ప్రకారం అది రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. గడువు రాయకపోతే అయిదేళ్లని లెక్క.

పేరు సంగతి కూడా చిన్నది కాదు. 1780లలో సామర్లకోటలో ఉన్న రాక్స్‌బర్గ్ దొర మన దేశపు చిత్రకారుల చేత ఈ తీరపు మొక్కల బొమ్మలు వేయించాడు. 1795 నుంచి లండన్‌లో ఆ పుస్తకం మూడు సంపుటాలుగా, 300 చిత్రాలతో అచ్చయింది. దొర పేరు వృక్షశాస్త్రంలో నిలిచిపోయింది. మొక్కను ఎదురుగా పెట్టుకుని ఆకు ఆకూ గీసినవాళ్ల పేర్లు ఆ పుస్తకం అట్ట మీదకు ఎక్కలేదు.

ఆ దొర చేసింది మనమూ చెయ్యవద్దు. యూనియన్ పెద్దలకు నా మనవి ఇది: ఈ సంచికలో బొమ్మలు వేసినవారి పేర్లు బొమ్మల కిందనే అచ్చు వెయ్యండి. మైకు అద్దెకు, షామియానాకు పద్దు ఉన్నట్టే వచ్చే ఏడు బడ్జెట్‌లో బొమ్మలకూ ఒక పద్దు పెట్టండి, యాభై రూపాయలైనా సరే. ప్రెస్సులు, బడులు, వ్యాపారాలు నడుపుతున్న పూర్వ విద్యార్థులారా, ఏడాదికి ఒక్క పని అయినా మన కళాశాల పిల్లలకు ఇవ్వండి. ఇచ్చేటప్పుడు కాగితం మీద రాసి ఇవ్వండి. బొమ్మలు వేసే మిత్రులారా, ఎవరైనా ధర ఎంత అని అడిగితే తల వంచుకోకండి. లెక్క కట్టి చెప్పండి.